ఎల్లలు దాటే విషం

1976 జూలై 10న ఉత్తర ఇటలీలోని సెవెసో పట్టణానికి ఆనుకొని ఉన్న ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ అనే ఘోరవిషం మేఘంలా వెలువడి చుట్టుపక్కల నేలను కమ్మివేసింది. కోళ్ళు, కుందేళ్ళు, పశువులు వేల సంఖ్యలో నశించాయి. పిల్లల ముఖాల మీద పొక్కులు లేచాయి. కర్మాగారం మూతపడిన తరువాత అందులో మిగిలిపోయిన విషశేషాన్ని 41 పీపాలలో నింపి 1982 సెప్టెంబరులో దేశం దాటించారు. అటుపైన ఆ పీపాలు ఏమైనవో ఏ ప్రభుత్వానికీ అంతుపట్టలేదు. ఐరోపా అంతటా వెదుకులాట సాగింది. ఎనిమిది నెలలు గడిచాక, 1983 మే నెలలో, ఫ్రాన్సు ఉత్తర ప్రాంతంలోని ఒక చిన్న పల్లెలో వాడుక మానిన కబేళాలో అవి బయటపడ్డాయి. చివరకు 1985లో వాటిని స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో కాల్చివేశారు. నాలుగేళ్ళ తరువాత ప్రమాదకర వ్యర్థాల రవాణాను అదుపు చేయడానికి ప్రపంచ దేశాలు ఒడంబడిక చేసుకొన్నది కూడా ఆ నగరంలోనే.

లెక్కాపత్రాలకు పేరుపొందిన సంపన్న దేశాల నడుమనే 41 పీపాలు మాయమైనప్పుడు, సముద్రాలు దాటి పేద దేశాల రేవులకు చేరే సరకు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రమాదకర వ్యర్థమంటే వాకిట ఊడ్చిన చెత్త కాదు. నిప్పు సోకితే భగ్గున మండేది, తాకిన లోహాన్ని తినివేసేది, నేలలో ఇంకి బావినీటిలో కలిసి తరతరాలకు రోగాలు పంచేది. పారిశ్రామిక నాగరికత సృష్టించిన ప్రతి సౌకర్యం వెనుక ఇటువంటి శేషం ఎంతో కొంత ఉంటుంది. రంగులు, మందులు, పురుగుమందులు, బ్యాటరీలు, తోలు వస్తువులు, కంప్యూటర్లు వాడుకొనేవారికి అది కనిపించదు. ఎవరో ఒకరి ఊరి చివర అది కనిపిస్తూనే ఉంటుంది.

1970ల నుంచి సంపన్న దేశాలు తమ నేలను, నీటిని కాపాడుకోవడానికి కఠినమైన చట్టాలు చేసుకొన్నాయి. అది మెచ్చుకోదగిన పనే. అయితే చట్టం బిగిసిన కొద్దీ విషాన్ని శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చు పెరిగింది. నీరు పల్లమెరుగును, వ్యర్థమూ అంతే. ఖర్చు తక్కువైన చోటికి, అడిగే నాథుడు లేని చోటికి అది ప్రవహించసాగింది. తమ పెరటిని శుభ్రం చేసుకొన్న దేశాల చట్టాలే పొరుగు పెరటిని మురికి చేయడానికి దారితీశాయి.

ఖియాన్ సీ అనే ఓడ వృత్తాంతం ఇందుకు తార్కాణం. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు చెత్తను కాల్చగా మిగిలిన సుమారు 14,000 టన్నుల బూడిదతో అది 1986లో బయలుదేరింది. దించుకొంటామన్న దేశం ఒక్కటీ లేదు. ఒక రేవు నుంచి మరొక రేవుకు తిరిగి తిరిగి, 1988 జనవరిలో హైతీ దేశంలోని గొనాయివ్ రేవుకు చేరింది. అక్కడి అనుమతిపత్రంలో ఆ బూడిద ఎరువుగా మారిపోయింది. సుమారు 4,000 టన్నులు తీరాన దించిన తరువాత ప్రభుత్వానికి నిజం తెలిసి, తిరిగి ఎత్తుకొని పొమ్మని ఆజ్ఞాపించింది. ఓడ మాత్రం రాత్రికి రాత్రి లంగరు ఎత్తింది. ఆపైన రెండుమార్లు పేరు మార్చుకొన్నది. 1988 నవంబరులో సింగపూరు ప్రాంతంలో కనిపించేనాటికి దాని కడుపు ఖాళీగా ఉంది. మిగిలిన పదివేల టన్నుల బూడిద సముద్రం పాలైంది. గొనాయివ్ తీరాన పోసిన బూడిద మాత్రం పన్నెండేళ్ళు అక్కడే పడి ఉంది.

అదే సంవత్సరం నైజీరియాలోని కోకో అనే రేవు గ్రామంలో మరొక ఘోరం వెలుగుచూసింది. ఇటలీ నుంచి వచ్చిన వేలాది పీపాలు ఒక గ్రామస్థుని పెరటిలో పేర్చి ఉన్నాయి. వాటిని ఉంచుకొన్నందుకు అతనికి ముట్టిన అద్దె నెలకు సుమారు వంద డాలర్లు. లోపల ఏమున్నదో అతనికి తెలియదు. నైజీరియా ప్రభుత్వం ఆగ్రహించి ఇటలీ నుంచి తన రాయబారిని వెనక్కు పిలిపించింది. విషవ్యర్థాలను తెచ్చిపోసేవారికి యావజ్జీవ కారాగారశిక్ష విధించే చట్టం చేసింది. ఆ పీపాలను ఎత్తుకొని కారిన్ బి అనే ఓడ తిరుగుప్రయాణం కట్టగా ఐరోపా రేవులు ఒకదాని వెంట ఒకటి దానికి తలుపులు మూశాయి. తమ ఖండంలో పుట్టిన విషం తమ గడపకు తిరిగివస్తే వారికి భయం వేసింది! కోకో గ్రామస్థుని పెరటిలో ఉన్నంతకాలం ఆ భయం ఎవరికీ లేకపోయింది.

ఈ సంఘటనల ఒత్తిడితో 1989 మార్చి 22న బాసెల్ ఒడంబడిక రూపుదిద్దుకొన్నది. 1992 మే 5 నుంచి అమలులోకి వచ్చింది. భారతదేశం 1992 జూన్‌లో దానిని ఆమోదించింది. ప్రపంచంలోని దేశాలన్నీ దాదాపుగా అందులో చేరాయి. 1990లో సంతకం చేసిన అమెరికా మాత్రం నేటివరకు దానిని ధ్రువీకరించలేదు. వ్యర్థాన్ని పుట్టినచోటనే తగ్గించాలి. తప్పనిసరిగా మిగిలినదానిని వీలైనంత దగ్గరలోనే శుద్ధి చేయాలి. దేశం దాటించవలసివస్తే అందుకొనే దేశానికి ముందుగా వివరంగా తెలిపి లిఖితపూర్వకమైన సమ్మతి పొందాలి. అక్రమంగా పంపితే పంపినవారే తిరిగి తీసుకొనిపోవాలి. ఒడంబడికలోని ప్రధానాంశాలివి. న్యాయం దృష్ట్యా వీటిలో తప్పుపట్టదగినది లేదు.

లోపమంతా సమ్మతి అనే మాటలోనే దాగి ఉంది. సమ్మతించేది ఎవరు? రాజధానిలోని ఒక కార్యాలయం. అనుభవించేది ఎవరు? రేవు పక్కన గుడిసె వేసుకొన్న కూలి. కోకోలో కూడా ఒక విధమైన సమ్మతి ఉన్నది. వంద డాలర్ల సమ్మతి. పేదరికంలో ఉన్నవాని చేత అవుననిపించడం ఎంత సులభమో వ్యాపారికి తెలుసు. ఆఫ్రికా దేశాలు ఈ కిటుకును ముందే గ్రహించాయి. అందువల్లనే 1991లో అవి బమాకో నగరంలో సమావేశమై, సమ్మతి ప్రసక్తి లేకుండా, ప్రమాదకర వ్యర్థాల దిగుమతిని పూర్తిగా నిషేధిస్తూ మరొక ఒడంబడిక చేసుకొన్నాయి. బాసెల్ సభ్యదేశాలు కూడా సంపన్న దేశాల నుంచి పేద దేశాలకు ఈ సరకు పోరాదని 1995లో ఒక సవరణ చేశాయి. అది అమలులోకి రావడానికి 24 సంవత్సరాలు పట్టింది. 2019 డిసెంబరు 5న గాని దానికి ప్రాణం రాలేదు.

ఈ మధ్యకాలంలో ఏమి జరిగిందో చెప్పడానికి ఒక్క ఐవరీకోస్ట్ చాలు. 2006లో ప్రోబో కోవాలా అనే ఓడ తన కడుపులోని దుర్గంధపూరితమైన చమురు వ్యర్థాన్ని మొదట ఆమ్‌స్టర్‌డామ్ రేవులో దించబోయింది. వాసన చూసి అక్కడివారు శుద్ధికి ఎక్కువ సొమ్ము అడిగారు. ఓడ ఆ వ్యర్థాన్ని తిరిగి నింపుకొని దక్షిణానికి మళ్ళింది. ఆగస్టు నెలలో అబిజాన్ నగరంలో ఒక చిన్న సంస్థ నామమాత్రపు రుసుముకు దానిని తీసుకొని, రాత్రివేళ లారీలలో మోసుకొనిపోయి నగరం చుట్టూ అనేకచోట్ల పారబోసింది. తెల్లవారేసరికి ఊపిరాడక జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. వైద్యం కోసం వచ్చినవారు లక్షకు పైగా ఉన్నారు. కనీసం పదిహేను మంది మరణించారని ఆ దేశపు అధికారులు ప్రకటించారు. బాసెల్ ఒడంబడిక అప్పటికి పద్నాలుగేళ్ళుగా అమలులో ఉంది.

ఒడంబడికలను ఉల్లంఘించేవారు సాధారణంగా వాటిని ఎదిరించరు, పక్కనుంచి నడిచిపోతారు. వారి చేతిలోని ఆయుధం పేరు మార్చడం. బూడిద ఎరువవుతుంది. పాడైన కంప్యూటరు విరాళమవుతుంది. భారతదేశపు రేవులలో ఈ నామకరణ మహోత్సవం ఎంతకాలంగా సాగుతున్నదో సుప్రీంకోర్టు రికార్డులే చెబుతాయి. ప్రమాదకర వ్యర్థాల దిగుమతిపై 1995లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో న్యాయస్థానం నియమించిన ఎం.జి.కె. మీనన్ సంఘం దేశమంతటి పరిస్థితిని పరిశీలించింది. 2003 అక్టోబరు 14న సుప్రీంకోర్టు విస్తృతమైన ఆదేశాలు జారీచేసింది. ముంబయి సమీపంలోని నవాశేవా రేవులో 133 కంటెయినర్ల సరకు కందెన నూనె పేరుతో వచ్చి దిగింది. పరీక్షిస్తే అది విషపూరితమైన వాడేసిన నూనె అని తేలింది. దిగుమతిదారుల ఖర్చుతోనే దానిని కాల్చివేయాలని 2005 జనవరిలో న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. కందెన నూనె అన్న పేరును నమ్మి ఊరుకొని ఉంటే ఆ నూనె ఏయే కొలిముల్లో మండి ఎవరి ఊపిరితిత్తుల్లో చేరేదో ఊహించవచ్చు.

పేరు తగాదా నూనెతో ఆగలేదు. ఫ్రాన్సు నౌకాదళపు పాత విమానవాహక నౌక క్లెమెన్సో 2005 డిసెంబరు 31న తూలోన్ రేవు నుంచి గుజరాత్‌లోని అలంగ్ తీరానికి ప్రయాణం కట్టింది. అక్కడి కార్మికులు దానిని విడగొట్టాలి. ఓడ నిండా ఆస్బెస్టాస్ ఉంది. అది యుద్ధసామగ్రి గనుక వ్యర్థాల నియమాలు వర్తించవని ఫ్రాన్సు ప్రభుత్వం వాదించింది. తుక్కుగా విడగొట్టడానికే పంపుతున్నదానిని యుద్ధసామగ్రి అనడం తర్కానికి అందని విషయం. చివరకు ఫ్రాన్సు న్యాయస్థానం అడ్డుపడగా 2006 ఫిబ్రవరిలో అధ్యక్షుడు షిరాక్ ఓడను వెనక్కు పిలిపించాడు. తరువాత ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో దానిని విడగొట్టారు. సంపన్న దేశంలో ఆ పని చేయడం అసాధ్యం కాదని, ఖర్చు మాత్రమే ఎక్కువని దీనివల్ల రుజువైంది.

నేటి కాలంలో ఎక్కువగా వేషం మార్చేది ఎలక్ట్రానిక్ వ్యర్థం. 2022లో ప్రపంచమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థం పోగుపడిందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్లు లెక్క తేలినది నాలుగోవంతు కూడా లేదు. మిగిలినదానిలో కొంత పాత వస్తువుల పేరుతో, బడులకు బహుమానాల పేరుతో ఓడలెక్కింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఘనా దేశంలోని అగ్బాగ్‌బ్లోషీకి అక్షరాలా సరిపోయింది. అక్కడ ఏళ్ళ తరబడి యువకులు తీగలను బహిరంగంగా కాల్చి రాగి ఏరుకొని పొట్టపోసుకొన్నారు. ఢిల్లీలోని సీలంపూర్ సందుల్లో సర్క్యూట్ పలకలను ఆమ్లంలో ముంచి లోహాలు తీసేవారి చేతులు చూసినవారికి దూరదేశపు ఉదాహరణలు అక్కరలేదు. 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనదైనా కాకపోయినా ఎలక్ట్రానిక్ వ్యర్థమంతా బాసెల్ సమ్మతి నియమం కిందికి వచ్చింది. ఆలస్యమైనా ఇది సరైన అడుగు. పని చేసేదో చేయనిదో తేల్చే పరీక్షను పంపేచోటనే జరపాలన్న నిబంధన కచ్చితంగా అమలు కానంతవరకు పాత వస్తువు అనే ముసుగు తొలగదు.

ఇక్కడ ఎదుటి వాదనను కూడా వినాలి. ఒకరి వ్యర్థం మరొకరికి ముడిసరకు అని పరిశ్రమల వారంటారు. పాత బ్యాటరీలలోని సీసం, తుక్కులోని రాగి, ఇనుము కోసం గనులు తవ్వనక్కరలేదు. వేలాది కుటుంబాలకు జీవనాధారం దొరుకుతుంది. దిగుమతిని పూర్తిగా ఆపితే నష్టపోయేది దేశమే. ఈ వాదనలో నిజం లేకపోలేదు. భారతదేశపు 2016 నియమాలు కూడా ఈ తేడాను పాటించాయి. పారవేయడం కోసం ప్రమాదకర వ్యర్థాల దిగుమతిని నిషేధించి, తిరిగి వినియోగించడం కోసం అనుమతితో తెచ్చుకోనిచ్చాయి. కాని జీవనాధారం పేరు చెప్పేవారు ఒక లెక్కను దాచిపెడతారు. సీసం చవకగా దొరకడానికి కారణం దానిని కరిగించేవాడికి ముఖకవచం లేకపోవడం, ఆ పొగకు గొట్టం లేకపోవడం, వాని బిడ్డ రక్తంలో చేరిన సీసానికి ఎవరూ వెల కట్టకపోవడం. ఆ ఖర్చులను కూడా సరకు ధరలో కలిపితే ఎంత దిగుమతి లాభసాటిగా మిగులుతుందో చూడాలి. మిగిలినదానిని ఎవరూ కాదనరు. పాత టైర్లను కాచి నూనె తీయడం కోసం విదేశీ టైర్లు తెచ్చుకోవడాన్ని ప్రభుత్వం 2022లో నిషేధించిందంటే ఇటువంటి లెక్క ఏదో వేసినట్లే అనుకోవాలి.

ఎల్లలంటే దేశాల సరిహద్దులు మాత్రమే కావు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి వేలమందిని బలిగొన్న భోపాల్ కర్మాగారంలో మిగిలిన విషవ్యర్థం నాలుగు దశాబ్దాలు అక్కడే పడి ఉంది. గుజరాత్ కాదన్నది. మహారాష్ట్ర కాదన్నది. జర్మనీకి పంపాలని 2012లో చర్చలు జరిగి విఫలమయ్యాయి. చివరకు హైకోర్టు ఆగ్రహించిన మీదట 2025 జనవరి 1 రాత్రి 337 టన్నుల వ్యర్థం పన్నెండు కంటెయినర్ లారీలలో పోలీసు కాపలాతో ధార్ జిల్లాలోని పీథంపూర్‌కు బయలుదేరింది. తమ ఊరు మరో భోపాల్ అవుతుందేమోనని అక్కడి ప్రజలు వీధులకెక్కారు. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకొన్నారు. నిపుణులు భయం లేదన్నారు. పరీక్షలు జరిపి, ఆ సంవత్సరం జూన్ చివరికి మొత్తం కాల్చివేశారు. అధికారుల మాట సాంకేతికంగా నిజమే కావచ్చు. కాని లారీలు ఊరి పొలిమేరకు వచ్చేవరకు తమతో ఎవరూ మాట్లాడలేదన్న పీథంపూర్ వాసుల ఫిర్యాదును సాంకేతికత తీర్చలేదు. సమ్మతి కోరవలసింది విదేశీ ప్రభుత్వాన్ని మాత్రమేనా?

తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1970లలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో పరిశ్రమలు వెలసిన తరువాత నక్కవాగు రంగు మారింది. పంటలు పాడయ్యాయి, బావులు పనికిరాకుండా పోయాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్ససిన్ అనే సూక్ష్మజీవ నాశక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు ప్రకటించగా ప్రపంచం నివ్వెరపోయింది. ఈ ప్రాంతంలో తయారైన మందులు ప్రపంచమంతటికీ ఎగుమతి అవుతాయి. మాత్ర ఎల్ల దాటిపోతుంది. దాని మురికి వాగులో మిగిలిపోతుంది. ఓడలో వ్యర్థాన్ని పంపితే బాసెల్ ఒడంబడిక అడ్డుపడుతుంది. వ్యర్థాన్ని పుట్టించే పనినే పంపివేస్తే అడ్డుపడే ఒడంబడిక లేదు. ఈ రెండింటి మధ్య నక్కవాగు ఒడ్డున ఉన్న రైతుకు ఏ భేదమూ కనిపించదు.

ఆ తరువాత పటాన్‌చెరు శుద్ధి కేంద్రపు నీటిని గొట్టపు మార్గం ద్వారా హైదరాబాదులోని అంబర్‌పేటకు, అక్కడి నుంచి మూసీలోకి మళ్ళించారు. నక్కవాగు మంజీరలో కలిసి గోదావరికి పోతుంది. మూసీ కృష్ణకు పోతుంది. అంటే ఒక నది పరీవాహకం నుంచి మరొక నది పరీవాహకానికి బరువు మార్చారన్నమాట. మూసీ దిగువన నల్లగొండ పల్లెల వారిని అడిగి ఆ పని చేయలేదు.

కాగితం మీద భారతదేశపు ఏర్పాటు పకడ్బందీగానే ఉంది. కర్మాగారం వ్యర్థాన్ని 90 రోజులకు మించి నిలువ ఉంచరాదు. లారీ కదిలితే వెంట ఏడు ప్రతుల రవాణా పత్రం ఉండాలి. తెల్లది కాలుష్య నియంత్రణ మండలికి, పసుపుపచ్చనిది పంపినవారి వద్ద, గులాబిరంగుది అందుకొన్నవారి వద్ద. ఇలా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క గమ్యం. హైదరాబాదు శివారులోని దుండిగల్, విశాఖపట్నం సమీపంలోని పరవాడ వంటిచోట్ల శాస్త్రీయంగా పూడ్చే, కాల్చే కేంద్రాలు ఏర్పడ్డాయి. అయినా చీకటిపడ్డాక ట్యాంకరు ఒకటి వాగు గట్టున ఆగి, గొట్టం విప్పి, ఖాళీ అయి వెళ్ళిపోవడానికి ఏడు రంగుల కాగితాలూ అడ్డురావడం లేదు. పంపినవాని పత్రంలోని బరువును, అందుకొన్నవాని పత్రంలోని బరువును ఏ రోజుకారోజు సరిచూసే యంత్రాంగం లేకపోతే ఆ రంగులు కంటికి ఇంపుగా ఉండడానికే పనికివస్తాయి.

కావలసినవి గొప్ప ఆవిష్కరణలేమీ కావు. రేవులో దిగే ప్రతి అనుమానాస్పదమైన సరకును పరీక్షించగల ప్రయోగశాలలు, వాటిలో పనిచేసే అర్హులైన సిబ్బంది మొదట కావాలి. సరకు నిర్దోషమైనదని రుజువు చేసే భారం దానిని పంపేవారిమీద, తెచ్చేవారిమీద ఉండాలి. దోషమని రుజువు చేసే భారం జబ్బుపడిన పల్లెవారిమీద ఉండరాదు. ఏ ఊరి మీదుగా ఏ విషం ఎప్పుడు పోతున్నదో ఆ ఊరి పంచాయతీ కార్యాలయపు గోడమీద తెలుగులో రాసిపెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? వ్యాపార రహస్యమనే సాకుతో ఈ సమాచారాన్ని దాచడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

నష్టపరిహారం మాట మరీ విచారకరం. విషం దేశాలు దాటి హాని చేసినప్పుడు ఎవరు చెల్లించాలో నిర్ణయిస్తూ బాసెల్ సభ్యదేశాలు 1999లోనే ఒక అనుబంధ ఒప్పందం రాసుకొన్నాయి. ఆమోదించిన దేశాల సంఖ్య చాలనందున అది ఇంతవరకు అమలులోకి రాలేదు. సంతకాలు చేయవలసిన చేతులకు తొందరలేదు. గొనాయివ్ తీరాన పడి ఉన్న బూడిద 2000 సంవత్సరంలో తిరిగి ఓడెక్కి, మరి రెండేళ్ళు ఫ్లోరిడాలో నిరీక్షించి, 2002లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక గోతిలో పూడ్చబడింది. ఫిలడెల్ఫియా ఉన్నది కూడా ఆ రాష్ట్రంలోనే.